ఆకు వేసి అన్నం పెట్టిన అమ్మ: డొక్కా సీతమ్మ గారి జీవితం



రాత్రి ఎనిమిదిన్నర. చిన్నమ్మాయి టీవీ ముందు కూర్చుని తినేసింది. పెద్దబ్బాయి ట్యూషన్ నుంచి ఇంకా రాలేదు. నాన్నగారు ఆఫీసులోనే ఏదో తిన్నానని ఫోన్ చేశారు. అందరి పళ్లేలూ అయ్యాక వంటింట్లో నిలబడే అమ్మ రెండు ముద్దలు తిని గిన్నెలు సర్దేసింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ పస్తు లేరు. అయినా ఎవరూ ఎవరితో కలిసి భోజనం చేయలేదు.

మనలో చాలామంది ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. పనివేళలు, చదువులు, ట్రాఫిక్ అలా ఉన్నాయి. కానీ అన్నం తినడం వేరు, భోజనానికి కూర్చోవడం వేరు అని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. ఆ తేడా తన జీవితమంతా చేసి చూపించిన ఒక గృహిణి గురించి ఈ నెల చెప్పుకుందాం. ఆమె బడికి వెళ్లలేదు. ఉద్యోగం చేయలేదు. సభల్లో మాట్లాడలేదు. ఆకలితో గుమ్మంలోకి వచ్చినవారికి ఆకు వేసి అన్నం పెట్టారు, అంతే. ఆమె కన్నుమూసి నూరేళ్లు దాటినా గోదావరి జిల్లాల్లో ఆమె పేరు చెబితే పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు. ఆమే డొక్కా సీతమ్మ గారు.

బువ్వన్న గారి అమ్మాయి

సీతమ్మ గారు 1841 అక్టోబరులో గోదావరి డెల్టాలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు కాబట్టి ఊళ్లో భవానీశంకరం గారిని అసలు పేరుతో కాకుండా బువ్వన్న గారని పిలిచేవారు. చిన్నపిల్లలు అన్నాన్ని బువ్వ అంటారు కదా, ఆ బువ్వే ఆయనకు పేరైంది.

ఆ కాలంలో అన్నం అన్న మాటకు ఎంత బరువుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సీతమ్మ గారు పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన కరువు పట్టి పీడించింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువు అన్నారు. మనుషులు ఎముకల గూళ్లయిపోయారు కనుక డొక్కల కరువనీ అన్నారు. లక్షల మంది చనిపోయారు. ఆ కరువు చూసినవారు, దాని గురించి విన్నవారు ఇంటింటా ఉన్న రోజుల్లో సీతమ్మ గారు పెరిగారు. కంచంలో మెతుకు వదిలితే ఆ తరం పెద్దలకు ఎందుకంత కోపం వచ్చేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆడపిల్లలను బడికి పంపే కాలం కాదది. ఇంట్లో విన్న కథలు, పద్యాలు, పాటలే ఆమె చదువు. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఇంటి పని ఆ పిల్ల మీద పడిందంటారు. వచ్చినవారికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వడం, ఆకులు కడిగి పరచడం, ఎవరి ఆకులో ఏది అయిపోయిందో చూసి మారు వడ్డించడం అన్నీ ఆమె ఆ ఇంట్లోనే నేర్చుకున్నారు. అతిథులను ఎలా చూడాలో ఎవరూ ఆమెను కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. తండ్రి చేసేది చూస్తూ, తనూ ఒక చేయి వేస్తూ పెరిగారు.

ఒక పూట భోజనం కలిపిన సంబంధం

గోదావరి పాయల మధ్య, కోనసీమలో, లంకల గన్నవరం అనే ఊరుంది. అక్కడ డొక్కా జోగన్న గారు అనే రైతు ఉండేవారు. వేదం చదువుకున్నవారు, భూములున్నవారు. ఒకసారి ఆయన పండితుల సభకు వెళ్తూ మండపేట మీదుగా వచ్చారట. అప్పటికి మిట్టమధ్యాహ్నం అయింది. ఆ వేళప్పుడు ఎవరింటికి వెళితే అన్నం దొరుకుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన బువ్వన్న గారి ఇంటికి వెళ్లారు.

ఆ పూట భోజనం దగ్గర సీతమ్మ గారి ఒద్దిక, వడ్డనలో ఆమె చూపిన శ్రద్ధ చూసి, ఈ అమ్మాయిని చేసుకుంటే బాగుంటుందని జోగన్న గారికి అనిపించిందని చెబుతారు. పెద్దలు మాట్లాడుకున్నారు, జాతకాలు కుదిరాయి, పెళ్లయింది. తండ్రి అరుగు మీద నేర్చుకున్న పనిని ఆమె అత్తవారింటికి వెంట తెచ్చుకున్నారు.

నది దాటగానే ఆ ఇల్లు

లంకల గన్నవరం ఎక్కడుందో తెలిస్తే సీతమ్మ గారి పని ఎంత పెద్దదో తెలుస్తుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా విడిపోతుంది. ఆ పాయల మధ్య ఉన్న నేలే కోనసీమ. గన్నవరం దగ్గరుండేది వైనతేయ పాయ. ఇప్పుడు మనం కారులో పావుగంటలో దాటే దూరానికి అప్పుడు పూటంతా పట్టేది. రేవు దాకా నడవాలి, పడవ కోసం ఎదురుచూడాలి, అవతలి గట్టు ఎక్కి మళ్లీ నడవాలి. ఈ దారిన అంతర్వేది తీర్థానికి పోయేవారుండేవారు. పెళ్లి బృందాలు, కూలి పనికి పోయేవారు, వ్యాపారులు ఉండేవారు. గట్టు ఎక్కేసరికి ఒంట్లో శక్తి ఉండేది కాదు. హోటళ్లు లేవు. తెలియని ఊళ్లో ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

అలాంటివారికి ఆ ఊళ్లో ఒక ఇల్లుందన్న మాట మెల్లగా చుట్టుపక్కల పాకింది. వేళకాని వేళలో వచ్చినా సీతమ్మ గారి పొయ్యి వెలుగుతుందని జనం నమ్మారు. ఆ నమ్మకం కోసం ఆమె ఎంత చాకిరీ చేసి ఉంటారో ఊహించండి. గ్యాస్ లేదు, కుక్కర్ లేదు, ఫ్రిజ్ లేదు. పది మంది హఠాత్తుగా వస్తే కట్టెలు రాజేయాలి, బావి నుంచి నీళ్లు తోడాలి, ఎసరు పెట్టాలి, అన్నం ఉడికాక గంజి వార్చాలి, రోట్లో పచ్చడి నూరాలి. వాళ్లు తిని వెళ్లేసరికి మరో నలుగురు గట్టు ఎక్కుతారు. వానాకాలంలో తడి కట్టెలు పొగలు కక్కుతాయి. పండగ రోజైనా, ఒంట్లో బాగా లేకపోయినా ఆకలి ఆగదు కదా.

ఇక్కడ మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగవచ్చో కులం నిర్ణయించిన రోజులవి. అలాంటి కాలంలో, అందులోనూ సంప్రదాయ కుటుంబంలో ఉంటూ, వచ్చినవారిని కులమేదని, ఊరేదని అడగకుండా ఆమె అన్నం పెట్టారు. అందుకే ఆమెకు నిరతాన్నదాత్రి అని, అపర అన్నపూర్ణ అని పేర్లు వచ్చాయి.

ఈ పేరంతా సీతమ్మ గారిది. కానీ ఆ ధాన్యం జోగన్న గారి పొలాలది. ఆయన ఒప్పుకోకపోతే ఆ పొయ్యి అన్నేళ్లు వెలిగేది కాదు. ఏళ్ల తరబడి వచ్చిన పంట వచ్చినట్టే వండిపెడితే ఎంత ఆస్తి అయినా తరుగుతుంది. ఆ ఇంట్లోనూ ఇబ్బందులు వచ్చాయంటారు. అయినా దంపతులిద్దరూ ఆ పని మానలేదు. ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టడం భార్య ఒక్కతే మోసే బరువు కాదనీ, ఇల్లంతా కలిసి చేసుకునే నిర్ణయమనీ ఈ జంటను చూస్తే తెలుస్తుంది.

అంతర్వేది దాకా సాగని ప్రయాణం

సీతమ్మ గారి గురించి కోనసీమలో ఎక్కువగా చెప్పుకునే కథ ఇది. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. ఆ స్వామిని ఒక్కసారి దర్శించుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. ఇంటికొచ్చేవారిని వదిలి వెళ్లలేక ప్రతిసారీ వాయిదా వేసుకునేవారు. ఎట్టకేలకు ఒకసారి పల్లకీలో బయలుదేరారు.

దారిలో బోయీలు ఒకచోట పల్లకీ దింపి అలసట తీర్చుకుంటున్నారు. అదే చోట ఎదురు దిక్కు నుంచి వచ్చిన ఒక బృందం కూడా ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు వారిని ఊరడిస్తూ, ఇంకాసేపట్లో గన్నవరంలో సీతమ్మ గారి ఇల్లు వస్తుందని, అక్కడ కడుపు నిండా అన్నం తినవచ్చని చెబుతున్నారు. లోపల కూర్చున్నది ఎవరో వారికి తెలియదు.

ఆమె వెంటనే పల్లకీని వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి, పొయ్యి రాజేసి, వాళ్లు వచ్చేసరికి ఆకులు వేసి ఉంచారు.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు మనం త్యాగం గురించి చెప్పి ఆగిపోతాం. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆ పిల్లలకు అన్నం మరెవరైనా పెట్టగలిగేవారేమో. కానీ వాళ్లు ఒక మనిషిని నమ్ముకుని నడుస్తున్నారు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ మనిషి లేకపోతే ఎలా ఉంటుంది? ఆమె వెనక్కి తిరిగింది ఆ నమ్మకం నిలబెట్టడానికి. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్లే మన పిల్లలకు ఈ సంగతి మనకంటే బాగా అర్థమవుతుంది.

వరద రాత్రి

మరో కథ కూడా ఉంది. వానలు దంచి కొడుతున్న రోజులు. గోదావరి వరద మీద ఉంది. రాత్రివేళ నీళ్ల అవతల లంక వైపు నుంచి ఆకలేస్తోందని ఒక మనిషి వేసిన కేక ఆమె చెవిన పడిందట. ఆ నీటిలో పడవ వేయడమంటే ప్రాణాలతో ఆడుకోవడమే. అయినా ఆమె అన్నం సిద్ధం చేశారు. జోగన్న గారు దాన్ని పడవలో తీసుకెళ్లి ఆ మనిషికి అందించి వచ్చారు.

ఆ మనిషి పేరేమిటో కథ చెప్పేవారు చెప్పరు. ఆమె కూడా అడిగి ఉండరు. ఆకలిగొన్నవాడు అన్నది ఒక్కటే ఆమెకు కావలసిన పరిచయం.

చక్రవర్తి పిలుపు

ఆమె పేరు జిల్లా దాటి, దొరల కచేరీల దాకా వెళ్లింది. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. సంస్థానాధీశులు ఏనుగులతో, పరివారంతో అక్కడికి తరలివెళ్లారు. ఆ పట్టాభిషేక ఉత్సవాలకు గన్నవరంలోని ఈ గృహిణికీ పిలుపు వచ్చిందని చెబుతారు.

ఆమె వెళ్లలేదు. తాను చేసే పని పేరు కోసం కాదన్నదే ఆమె భావం. కనీసం ఫొటో అయినా పంపాలని అధికారులకు పై నుంచి ఆజ్ఞ వచ్చింది. దానికీ ఆమె ఒప్పుకోలేదట. ఫొటో పంపకపోతే తమ ఉద్యోగానికే ముప్పని వాళ్లు ప్రాధేయపడ్డాక సరేనన్నారు. తన వల్ల ఇంకొకరి అన్నం పోకూడదని కాబోలు. ఆ ఫొటోను ఉత్సవంలో ఆమెకు బదులుగా కుర్చీలో ఉంచి గౌరవించారని చెబుతారు.

చక్రవర్తి పిలిస్తే వెళ్లని మనిషి, ఎవరో తెలియని పిల్లలు ఏడిస్తే అంతర్వేది దారిలోంచి వెనక్కి వచ్చారు. సీతమ్మ గారి స్వభావం తెలియడానికి ఈ రెండు కథలూ చాలు.

ఆమె వెళ్లాక

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ నీళ్లను పొలాలకు మోసుకెళ్లే పాత అక్విడక్టు ఒకటుంది. కాటన్ దొర ఆనకట్ట కట్టించిన కాలం నాటిది. దాని పక్కన తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమ పొలాలకు నీళ్లు తెచ్చే వారధికి అన్నం పెట్టిన అమ్మ పేరు పెట్టడం ఎంత తగిన పనో కదా.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల విద్యార్థులకు కూడా ఆ పేరుతోనే భోజనం అందుతోంది. బడిలో వరుసగా కూర్చుని తినే పిల్లల పంక్తికి ఇంతకంటే తగిన పేరు దొరకదు.

మన ఇంటి పంక్తి

సీతమ్మ గారిలా ఊరందరికీ అన్నం పెట్టడం మన వల్ల కాదు. అపార్టుమెంట్లో, పరిమితమైన జీతంతో, రెండు ఉద్యోగాల మధ్య ఉన్న మనల్ని ఎవరూ అలా అడగరు కూడా. కానీ ఆమె జీవితం నుంచి మన ఇంటికి తెచ్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఎదురుచూపు. రోజూ మూడు పూటలా అందరూ కలిసి తినడం కుదరకపోవచ్చు. రోజుకు ఒక పూట, అదీ కుదరకపోతే వారానికి మూడు నాలుగు పూటలు ముందే అనుకుని పెట్టుకోండి. కొందరికి రాత్రి కుదరదు, పొద్దున టిఫిన్ కుదురుతుంది. అదైనా మంచిదే. ఆలస్యంగా వచ్చినవారు ఒంటరిగా తినాల్సి వస్తే, తినేసినవారు ఒకరు పక్కన కూర్చుని మజ్జిగ తాగినా చాలు. మన కోసం ఒకరు కాచుకుని ఉన్నారని తెలిస్తే ఆ అన్నం రుచే వేరు.

రెండోది, వడ్డన. సీతమ్మ గారు చిన్నప్పుడు ఆకులు పరిచే పనితోనే మొదలుపెట్టారు. మీ పిల్లలకూ ఆ పని అప్పజెప్పండి. ఆరేళ్ల పిల్ల గ్లాసుల్లో నీళ్లు పోయగలదు. పదేళ్ల అబ్బాయి నాన్నమ్మకు, తాతయ్యకు ముందు వడ్డించగలడు. అందరికీ సరిపోయేలా కూర పంచడం కూడా ఒక లెక్కే. ఎదుటివారి పళ్లెం వైపు చూడటం అలవాటైన పిల్లలు క్లాసులో పక్కవారి అవసరాన్ని కూడా గమనిస్తారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఈ పనులు సమానంగా ఇవ్వడం మరవకండి.

మూడోది, అమ్మ ఆకు. ఇది ముఖ్యంగా నాన్నలకు. సీతమ్మ గారి కథను పొగుడుతూ మన ఇంట్లో ఒకరిని మాత్రం ఎప్పుడూ చివరన, నిలబడి తినేలా చేస్తే ఆ పొగడ్తకు అర్థం లేదు. గిన్నెలన్నీ భోజనాల దగ్గరికి తెచ్చి పెట్టుకుంటే అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. చివర్లో సర్దే పని కూడా పంచుకోవచ్చు.

నాలుగోది, మాట. భోజనం దగ్గర మార్కుల గురించి, హోంవర్కు గురించి అడగడం కాసేపు ఆపండి. ఆకు ముందు కూర్చున్నవారిని బాధపెట్టకూడదని మన పెద్దలు అనేవారు. ఫోన్లు మరో గదిలో పెట్టి, ఆ రోజు ఎవరికి ఏం జరిగిందో చెప్పుకోండి. పిల్లవాడు చెప్పే మాట మధ్యలో ఆపి సలహా ఇవ్వకుండా వినండి. బడిలో ఏదైనా ఇబ్బంది ఉంటే చాలాసార్లు అది బయటపడేది ఇలాంటప్పుడే.

ఐదోది, గుమ్మం అవతల. నెలకు ఒక పూట ఇంకొకరిని మీ భోజనానికి పిలవండి. పక్క ఫ్లాట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ కావచ్చు, ఊరు వదిలి వచ్చి గదిలో ఉంటూ చదువుకునే కుర్రాడు కావచ్చు. ప్రత్యేకంగా వంటలేమీ అక్కర్లేదు. పప్పు, అన్నం, ఒక కూర, పచ్చడి చాలు. ఇంకొకరికి చోటు చేయడానికి కాస్త జరిగి కూర్చోవడమే పిల్లలు అక్కడ నేర్చుకునే పాఠం.

పిల్లలకు ఈ నెల పని

ఇది మార్కులు లేని పని. ఈ ఆదివారం అమ్మమ్మనో, తాతయ్యనో, పక్కింటి పెద్దవారినో అడగండి: మీ చిన్నప్పుడు ఇంట్లో ఎంతమంది కలిసి భోజనం చేసేవారు? అనుకోకుండా ఎవరైనా వస్తే ఏం పెట్టేవారు? ఎవరి చేతి వంట మీకు ఇప్పటికీ గుర్తుంది? వాళ్లు చెప్పింది ఒక పేజీలో, మీ సొంత మాటల్లో, తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ రాసి మీ క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

మన తెలుగువాళ్లు ఎవరైనా ఎదురైతే బాగున్నారా అని అడిగిన వెంటనే భోజనం అయిందా అని కూడా అడుగుతారు. ఎన్నోసార్లు అలవాటుగా అడిగేస్తాం, జవాబు వినం. సీతమ్మ గారు ఆ ప్రశ్న నిజంగా అడిగారు, జవాబు విని పొయ్యి వెలిగించారు. ఈ రాత్రి మీ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా వచ్చేవారిని మీరూ ఒకసారి అలా అడిగి, పక్కన కూర్చోండి.